అవతల మాకెవరూ లేరు

ఏప్రిల్ 2

నది ఇంకా కదల్లేదు. నేనేమీ నది చూడటానికి గట్టు మీదికి వెళ్ళలేదు. పెరుగు కోసం వెళ్ళాను. పెరుగు దుకాణం గట్టుకి రెండో వైపున ఉంటే అది నా తప్పు కాదు.

నింగ్ రాతపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ అయింది. పరుగెత్తింది, గెంతింది, రక్తం ఇచ్చింది. ఇక మిగిలింది వంశ విచారణ. రేవులో సరిహద్దు తనిఖీ ఉద్యోగమంటే ముందు ఇంటిని తనిఖీ చేస్తారు: అమ్మ, నాన్న, తాతలు, నానమ్మలు, వాళ్ళ తోడబుట్టినవాళ్ళు, ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరు ఏ దేశంలో ఉన్నారు. నా మనవరాలు బడిలో ఉన్నప్పటి నుంచీ ఆ యూనిఫాం కోసం కలవరిస్తోంది. గాజు పెట్టెలో కూర్చుని పరాయివాళ్ళ పాస్‌పోర్టుల మీద ముద్ర కొట్టడంలో ఏం సుఖముందో నాకు తెలియదు. కానీ దానికి కావాలి. దానికి కావలసినవి తక్కువ.

మా వంశంలో చిక్కు ఒక్కటే. దాని పేరు కాపితోలినా, ఇంట్లో కాపా. నదికి అవతల, రష్యాలో, ఐదో అంతస్తులో ఉంటుంది. నా సొంత చెల్లెలు.

రాసేశాను. రేపు ఈ పేజీ చింపేస్తాను.

ఏప్రిల్ 3

చింపలేదు. కాగితం మంచిది.

ఏప్రిల్ 5

సమాధులు తుడిచే రోజు. నింగ్‌తో కలిసి నాన్న దగ్గరికి వెళ్ళాను. ఎండుగడ్డి పీకి, ఒక గ్లాసు సారా పోశాం. ఆయన బతికుండగా ఒక్క గ్లాసుతో ఊరుకున్న మనిషి కాడు, కానీ చచ్చినవాళ్ళకి మనం పోసిందే కొలత.

నింగ్ చీపురు దులుపుతూ అడిగింది: “నానమ్మా, అవతల ముత్తవ్వ సమాధి ఎవరు తుడుస్తారు?”

“ఏ ముత్తవ్వ?” అన్నాను.

పిల్ల నా వైపు చూసింది. అలా చూడటం పోలీసు శిక్షణలో నేర్పుతారేమో అనుకున్నాను. ఇంకా చేరనే లేదు కదా.

అమ్మ రష్యా మనిషి. ఆ దేశం తన వాళ్ళందరినీ వెనక్కి రమ్మని పిలిచిన ఏడు, మూడేళ్ళ కాపాని చంకన వేసుకుని వెళ్ళింది. నాకు తట్టు పోసింది. తట్టు పోసిన పిల్లను పడవ ఎక్కనివ్వలేదు. మరుసటి వసంతానికి నాన్నా నేనూ వెళ్ళాలి. ఆ తరువాత రెండు దేశాలకీ చెడింది. దేశాలకేం, ఎన్నేళ్ళు పోట్లాడుకున్నా మళ్ళీ కలుసుకుంటాయి. వాటికి వయసు రాదు.

ఏప్రిల్ 6

కాపా ఫోన్ చేసింది. అమ్మ నేర్పిన రష్యనూ, సరిహద్దు మళ్ళీ తెరిచాక ఇక్కడి సంతలో కోట్లు అమ్ముతూ నేర్చుకున్న చైనీసూ కలిపి మాట్లాడుతుంది. రెండు భాషల్లోనూ తప్పులే. రష్యన్ పంతులమ్మగా పని చేసినదాన్ని, నాకు పళ్ళు జివ్వుమంటాయి.

“అక్కా, ఈ నెల్లో వస్తున్నా. ఇప్పుడు మాకు వీసా కూడా అక్కర్లేదట, విన్నావా? పాస్‌పోర్టు చూపిస్తే చాలట!”

“ఇప్పుడొద్దు.”

“పళ్ళు కట్టించుకోవాలే. ఇక్కడ కట్టించుకుంటే ఇల్లమ్ముకోవాలి.”

“పళ్ళు ఎక్కడికీ పోవు.”

“పోయాయి కాబట్టేగా వస్తానంటున్నా!” నవ్వింది. తరువాత, “గుండె డాక్టరు మొన్న నాతో నవ్వుతూ మాట్లాడాడు. అతను ఎప్పుడూ నవ్వడు. నాకదేం నచ్చలేదు,” అంది.

నింగ్ విచారణ గురించి చెప్పాను. అది తేలేదాకా రావద్దన్నాను. ఫోన్లోనూ ఎక్కువ మాట్లాడొద్దన్నాను. ఫోన్ కట్టయిందనుకున్నాను.

“నేను వస్తే పర్వాలేదని మీ ప్రభుత్వం అంటోంది,” అంది చివరికి. “మా అక్కే వద్దంటోంది.”

పెట్టేసింది. దానికి చిన్నప్పటి నుంచీ పొగరు. చిన్నప్పుడు దాన్ని నేను చూసింది మూడేళ్ళే అనుకో.

ఏప్రిల్ 8

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. వెనిగర్ అయిపోతే కిందింటి హావ్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళాక మాట వచ్చింది.

“హావ్, ఎవరైనా వచ్చి మా సంగతులు అడిగితే...”

“టీచరమ్మగారికి అవతల ఎవరూ లేరు!” అన్నాడు, నా మాట పూర్తి కాకముందే. “అరవై తొమ్మిదిలో నేర్చుకున్న పాఠం, మర్చిపోతానా?”

“అంత గట్టిగా చెప్పక్కర్లేదు.”

“మీరు నేర్పిన రష్యన్ కూడా మర్చిపోలేదు. వింటారా?”

“వద్దు.”

వినిపించాడు. మెట్ల మధ్యలో నిలబడి, ఛాతీ విరుచుకుని. “తుపాకి కింద పెట్టు! చేతులు పైకెత్తు! చంపం!”

నదిలోని ఒక దీవి కోసం రెండు సైన్యాలూ కాల్చుకున్న ఏడు, ఊళ్ళో కుర్రాళ్ళందరినీ కాపలా దళంలో చేర్చారు. వాళ్ళకి ఆ మూడు ముక్కలూ నేర్పే పని నాకిచ్చారు. అదే నా మొదటి ఉద్యోగం. కాగితాల్లో నేను అచ్చమైన చైనా దాన్ని. ముక్కుకి కాగితం ఉండదు కాబట్టి నాకు రష్యన్ వచ్చునని అందరికీ తెలుసు. అప్పటికి నాన్నని గూఢచారి అని ఏడాదిగా విచారణల చుట్టూ తిప్పుతున్నారు. ఇంటికి ఎవరు వచ్చి ఏం అడిగినా మేం చెప్పాల్సిన జవాబు ఒకటే ఉండేది: అవతల మాకెవరూ లేరు. ఆ జవాబే మమ్మల్ని బతికించింది.

హావ్‌కి ఆ మూడు వాక్యాలు తప్ప ఇంకో రష్యన్ ముక్క రాదు.

ఏప్రిల్ 9

పక్కింటి పీ అత్త దగ్గరా వెనిగర్ తెచ్చాను. మూడో అంతస్తులో వాళ్ళ దగ్గర కూడా. ఊరగాయ క్యాబేజీకి వెనిగర్ ఎక్కువే పడుతుంది.

(పట్టదు. ఒక్క చుక్క కూడా పట్టదు.)

ఏప్రిల్ 11

రాత్రి అన్నం తింటూ నింగ్ అంది: “నానమ్మా, వాళ్ళొస్తే ఉన్నదున్నట్టు చెప్పు.”

“నేనెప్పుడు లేనిది చెప్పాను?”

“నేను చెప్పాల్సింది చెప్పేశా.”

ఏం చెప్పావని అడగలేదు. అడిగితే చెప్తుంది. ఆ పిల్లతో ఉన్న ఇబ్బందే అది. “వంకాయ కూర వేసుకో” అన్నాను.

ఏప్రిల్ 15

ఏటా ఈ రోజు బళ్ళలో దేశభద్రత పాఠం. ప్రధానోపాధ్యాయురాలు నా పాత శిష్యురాలు. పెద్దవాళ్ళ మాటలు పిల్లలకి వినిపించాలని నన్ను లాక్కెళ్ళింది. గోడ మీద రంగురంగుల బొమ్మలు: వంతెన ఫోటోలు తీసేవాడు, గట్టు మీద బైనాక్యులర్ పెట్టుకున్నవాడు, ఊరికే డబ్బిస్తానని స్నేహం కలిపేవాడు. బొమ్మల్లోని గూఢచారులందరికీ నల్ల కళ్ళద్దాలున్నాయి. పాపం, దేశానికి పని సులువు చేస్తున్నారు.

“బామ్మగారూ, గూఢచారిని ఎలా కనిపెట్టాలి?” అన్నాడొకడు.

“ముందు పరీక్షలో పక్కవాడి కాగితం చూసేవాణ్ణి కనిపెట్టు. అక్కడ చేయి తిరగాలి.”

నవ్వారు. మొదటి బల్ల మీది పిల్ల ఒకతె లేచి, “మా తాతమ్మకి కూడా మీలాంటి ముక్కే ఉండేది” అంది. వాళ్ళ టీచరు గబుక్కున దాన్ని కూర్చోబెట్టింది.

“మంచి ముక్కు. జలుబు చేస్తే మాత్రం రెండు రుమాళ్ళు కావాలి,” అన్నాను.

పిల్ల నవ్వలేదు. కూర్చోబెట్టారుగా మరి. నేను ఆ టీచర్ని ఏమైనా అనాల్సింది. నాకు టీ ఇచ్చి, పూలగుత్తి ఇచ్చి పంపించారు.

ఏప్రిల్ 20

నది పగులుతోంది. పొద్దున్నించీ ఎవరో అల్మారాలు ఈడుస్తున్నట్టు చప్పుడు. కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కిటికీ వేశాను. తీశాను.

ఏప్రిల్ 22

కాపాకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అలిగింది. అలగనీ.

ఏప్రిల్ 23

ఎత్తలేదు. గుండె డాక్టరు ఎందుకు నవ్వినట్టు?

ఏప్రిల్ 24

ఇవాళ జరిగింది రాయడమే నాకు తగ్గ శిక్ష.

మధ్యాహ్నం విచారణ వాళ్ళు వచ్చారు. బియెన్ అనే అధికారిణి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, జుట్టు బిగించి కట్టింది. వెంట రాసుకునే మనిషి ఒకడు. ముందు నా దగ్గరికి రాలేదు. కింద ఎండలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళ దగ్గర ఆగారు. నేను కిటికీలోంచి చూసి, చెత్త పారేసే మిషతో దిగాను. సంచిలో చెత్త లేదు.

“షెన్ నింగ్ ఎలాంటి అమ్మాయండీ?” అని బియెన్ అడుగుతోంది.

“టీచరమ్మగారికి అవతల ఎవరూ లేరు,” అన్నాడు హావ్.

బియెన్ రెప్ప వాల్చింది. “నేను అమ్మాయి గురించి అడిగాను తాతగారూ.”

“ఎవరూ లేరు,” అంది పీ అత్త, అల్లిక సూదుల మీంచి కళ్ళెత్తకుండా. “టీచరమ్మగారికి అవతల ఎవరూ లేరు.”

మూడో అంతస్తు ఆయన కూడా అదే వాక్యం, అదే వరుసలో. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా తరగతి మొత్తం ఒక్కసారిగా భుజాలు తడుముకుంది. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఇంత ఒద్దికగా అప్పజెప్పిన తరగతి ఒక్కటి లేదు.

అప్పుడే వచ్చింది. గేటు దగ్గర టాక్సీ దిగింది. ఎర్ర టోపీ, చేతిలో రెండు నల్ల రొట్టెలు, భుజాన సంచీ. మంచు ముక్కల మీద జారుతూ వచ్చే గాలిపడవ ఎక్కి, ఫోన్ ఎత్తకుండా, నా చెల్లెలు వచ్చేసింది.

ఎవరో తెలియని ఒక విదేశీ ఆడమనిషి దారి తప్పి వచ్చినట్టు అందరం మొహాలు పెట్టాం. నేను కూడా పెట్టాను. అవును, నేనూ పెట్టాను.

“హావ్ అన్నా!” అని కేకేసింది కాపా, మా ఊరి సంత యాసలో. “మోకాలు తగ్గిందా? పీ అక్కా, నీ కోడలు కనిందటగా, ఏం పిల్లే? అయ్యో, మీరింకా బతికే ఉన్నారా సార్!” ఈ ఆఖరిది మూడో అంతస్తు ఆయనతో.

రాసుకునే మనిషి రాసుకోవడం మానేశాడు. ఈమెవరో తనకి తెలియదనీ, పరాయిదేశస్థురాలితో పరాయి భాషలోనే మాట్లాడతాననీ హావ్ చూపించాలనుకున్నాడు కాబోలు. లేచి నిలబడి, తనకొచ్చిన రష్యన్‌తో మర్యాదగా పలకరించాడు:

“తుపాకి కింద పెట్టు! చేతులు పైకెత్తు! చంపం!”

కాపా చేతులు పైకెత్తింది. రొట్టెలతో సహా.

బియెన్ నా వైపు తిరిగింది. “టీచర్ గారూ, ఈవిడెవరు?”

నోరు తెరిచాను. చెప్పాలనే తెరిచాను, దేవుడిమీద ఒట్టు. వచ్చిన మాట: “ఊరగాయ కొనుక్కోవడానికి వస్తూంటుంది.”

కాపాకి చైనీసులో తప్పులు వస్తాయి గానీ అర్థం కాకపోవడమంటూ ఉండదు. చేతులు దించింది. రొట్టెలు బెంచీ మీద పెట్టింది. నా మొహం వంక చూడలేదు.

“మీ మనవరాలు మొదటి రోజే చెప్పింది,” అంది బియెన్ మెల్లిగా. “ఈవిడ పేరు, వయసు, ఏ వీధిలో ఉంటారో కూడా. అందులో మాకే ఇబ్బందీ లేకపోయింది. చూసి సంతకం పెట్టి పోదామని వచ్చాం.” బెంచీ మీద ఉన్నవాళ్ళందరినీ ఒకసారి చూసింది. “ఇప్పుడు ఇంతమంది కలిసి ఎందుకు దాచారో రాయాలి. ఇది పైకి వెళ్ళాలి.”

ఏప్రిల్ 25

కాపా నింగ్ గదిలో పడుకుంది. నింగ్ నేల మీద. నాతో ఇద్దరూ మాట్లాడటం లేదు. వాళ్ళిద్దరూ మాత్రం మాట్లాడుకుంటున్నారు. గోడ పల్చన.

ఏప్రిల్ 26

నింగ్ నోరు విప్పింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“నేను దాచనిదాన్ని నువ్వెందుకు దాచావు నానమ్మా?”

“నీ కోసం.”

“నాకోసమైతే నన్ను అడిగేదానివి.”

“నీకు తెలియదు. ఆ రోజుల్లో...”

“ఆ రోజులు నాకు తెలీవు. అవతల చిన్న నానమ్మ ఉందని తెలుసు. నాకు ఆరేళ్ళప్పుడు ఆవిడే ఈత నేర్పింది. ఆవిణ్ణి ఊరగాయల బేరం అన్నావు. ఉద్యోగం పోతే పోనీ, నేను సంతలో కొట్టు పెట్టుకుంటా. ఆ మాట మాత్రం...” అని ఆగి, గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

కాపా పళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. ఎల్లుండి వెళ్ళిపోతానంది.

నేను తప్పేం చేశానో నాకు తెలియదు. నేను చేసింది ఒకప్పుడు తప్పు కాదు.

ఏప్రిల్ 27

తెలుసు.

ఏప్రిల్ 28

పొద్దున్నే కాపా సంచీ సర్దుకుంటుంటే, “కోటు వేసుకో, పడవకి కాదు,” అన్నాను. ఇద్దరం బియెన్ ఆఫీసుకి వెళ్ళాం. ఎవరూ పిలవలేదు. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. కాపా సంచీలోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి నాకు కొన్ని ఇచ్చింది. నాతో మాట్లాడకుండానే ఇచ్చింది.

బియెన్ ఎదుట నిలబడి, “ఈమె నా చెల్లెలు,” అన్నాను. ఇంకా పెద్ద వాక్యం తయారు చేసుకుని వెళ్ళాను. మిగతాది గుర్తు రాలేదు.

“తెలుసు. కూర్చోండి. ఎందుకు దాచారు?”

“దాచానని నేననుకోలేదమ్మా. ‘బాగున్నారా’ అంటే ‘బాగున్నాం’ అంటాం చూడు, అలా వచ్చేస్తుంది నోటికి. ఇరుగుపొరుగుకి నేర్పింది కూడా నేనే. వాళ్ళ పేర్లు రాయకు, నా పేరు రాయి.”

“మీ చెల్లెలు ఏం చేసేవారు?”

“రొట్టెల ఫ్యాక్టరీ.”

“మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారు?”

“చాలా రహస్యాలున్నాయి. నా మోకాలు, దాని పళ్ళు.”

బియెన్ నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం కనబడింది. తరువాత కలం పక్కన పెట్టి చెప్పింది:

“టీచర్ గారూ, సరిహద్దు ఊళ్ళో అవతల చుట్టముండటం నేరం కాదు. ఈ ఊళ్ళో సగం మందికి ఉన్నారు. మా భయం వేరు. చుట్టాన్ని దాచిపెట్టుకున్న మనిషిని ఎవడైనా పట్టుకుని, బయటపెడతానని బెదిరించి పని చేయించుకోవచ్చు. దాచనివాళ్ళని దేంతో బెదిరిస్తాడు?”

నాలో సగం వయసు లేనిది నాకు పాఠం చెప్పింది. పాఠం బాగుంది. నా ఒళ్ళు మండింది అందుకే. అరవై తొమ్మిదిలో ఈ పాఠం చెప్పేవాళ్ళు ఒక్కరుంటే మా నాన్న ఇంకో నాలుగేళ్ళు బతికేవాడు. ఆ మాట అన్నాను. బియెన్ అది రాసుకోలేదు.

“ఉద్యోగం?” అన్నాను లేస్తూ.

“నా చేతిలో లేదు. మీరు ఇవాళ వచ్చారని మాత్రం రాస్తాను.”

మెట్లు దిగుతుంటే కాపా అంది: “ఊరగాయ ఎంతకిస్తావే?”

“నీకు ఇవ్వను. బేరమాడతావు.”

నా మోచేయి పట్టుకుంది. మెట్లు జారుడుగా ఉన్నాయని అనుకుంటాను.

మే 3

కాపా వెళ్ళింది. కొత్త పళ్ళతో. పడవ కదిలాక ఇక్కడి నుంచి కూడా మెరిశాయి.

మే 14

కబురు లేదు.

మే 22

లేదు. నింగ్ రోజూ పరుగెత్తడానికి వెళ్తోంది. ఉద్యోగం రానివాళ్ళు కూడా పరుగెత్తవచ్చునట. హావ్ నాకు కనబడితే తల దించుకుంటున్నాడు. ఇవాళ అతని వెనిగర్ అతనికి తిరిగిచ్చాను. “మీరు నేర్పింది సరిగ్గానే చెప్పానా?” అన్నాడు, దిగులుగా. ఉచ్చారణ బాగుందని చెప్పాను.

జూన్ 1

నిద్ర లేదు. ఊళ్ళో ఎవరి పిల్ల ఎంపికైందో వింటున్నాను. వినకూడదనుకుని, వినడానికి సంత మొత్తం తిరుగుతున్నాను.

జూన్ 9

వచ్చింది. నింగ్ నియామక కాగితం పట్టుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను ఏడవలేదు, ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఉల్లిపాయల కూర చేసే రోజు కాదు, అయినా తరిగాను.

డిసెంబరు 13

చాలా రోజులైంది రాసి. నింగ్ శిక్షణకి వెళ్ళింది, వచ్చింది, యూనిఫాంలో దానికి ఇల్లు సరిపోవడం లేదు. రాయడానికి చింతలు లేక రాయలేదు. ఇవాళ్టిది రాయాలి.

ఇటు నుంచి అటు వెళ్ళడానికి ఇప్పుడు మాకూ వీసా అక్కర్లేదు. డెబ్బై ఏడేళ్ళ వయసులో, తట్టు తగ్గినదాన్ని, మొన్న నది దాటాను. గడ్డకట్టిన నీటి మీద బస్సులో. ఎంతసేపో కాదు, సీటు వెచ్చబడేలోపల అవతలి గట్టు. అమ్మ సమాధి కాపా ఇంటికి దగ్గరే. మంచు తుడిచాం. అమ్మతో ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. రష్యన్‌లోనే మాట్లాడాను, వ్యాకరణం తప్పులు రెండు దొర్లాయి.

ఇవాళ కాపాని వెంటబెట్టుకుని తిరిగొచ్చాను. నాతో ఉండి కొత్త సంవత్సరం చూసుకుని వెళ్తుంది. రేవు హాల్లో మా వాళ్ళకి ఒక వరుస, విదేశీయులకి పక్కనే ఇంకో వరుస. నేను ఇటు, అది అటు. దాని వరుస చివర, గాజు పెట్టెలో, నింగ్.

వరుసలు మార్చే వీలు లేదు, వెనక జనం తోస్తున్నారు. కాపా వంతు వచ్చింది. పాస్‌పోర్టు లోపలికి తోసి, ఒళ్ళంతా నవ్వుతూ నిలబడింది. నింగ్ దాని వంక చూసింది. నవ్వలేదు. పిల్లకి ఏమైంది, ఇంతమందిలో, యూనిఫాంలో ఉండి తెలియనట్టు మొహం పెడుతుందా? పెట్టినా నేను ఏమనగలను?

నింగ్ ముద్ర కింద పెట్టింది. నించుంది. చేయెత్తి వాళ్ళ పైఅధికారిని పిలిచింది. హాలంతా గోలగా ఉంది. అందుకని గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది:

“సార్, ఈవిడ మా నానమ్మ చెల్లెలు. నా దగ్గరి చుట్టం. ఈవిడ కాగితాలు నేను చూడకూడదు, వేరేవాళ్ళని పంపండి.”

ఆ కౌంటరు మూసేశారు. వెనకాల మూటలు మోసుకుంటున్నవాళ్ళు విసుక్కున్నారు. ఒకాయన, “చుట్టాలైతే ఇంట్లో చూసుకోండమ్మా!” అన్నాడు. హాలు మొత్తం మా వైపు తిరిగింది. నేను అక్కడే నిలబడ్డాను.

నింగ్ మా వరుస వైపు తిరిగి చెప్పింది కాబట్టి, గాజు అడ్డున్న కాపాకి ఆ గోలలో వినబడలేదు. కంగారు పడి తాడు మీంచి నా వైపు వంగింది. “ఏంటే? ఏమంటోంది పిల్ల? ఏం తప్పు చేశాను?”

“తప్పేం లేదు. నువ్వు నా చెల్లెలివి అంటోంది.”

“ఆ మాటకి కౌంటరు మూసేయడం దేనికి?”

“రూలు అంతేనట,” అన్నాను.

“మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?”

“వరుస పొడుగ్గా ఉంది,” అన్నాను.